దువ్వాడ నుంచి తుని దారిని

దువ్వాడ స్టేషనులో దిగేవాళ్లలో దువ్వాడకు వచ్చేవాళ్లు తక్కువ. విశాఖపట్నం స్టేషనులోకి వెళ్లకుండా పక్కదారిని పోయే రైళ్లు కొన్ని ఇక్కడ ఆగుతాయి. పెట్టెలతో దిగినవారు "ఊళ్లోకి ఎంత దూరమండీ?" అని అడుగుతారు. వాళ్లకు దారి చెప్పడం ఇక్కడ కాపురమున్న మావంటివాళ్లకు నిత్యకృత్యం.

గత సంక్రాంతికి ముందు అలా దిగినవాడు మా బావమరిది. లెక్కల ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. అంకె కనబడితే కూడనిదే వదలడు. పాయకరావుపేట దగ్గర పల్లెలో ఉన్న మా అప్పను చూడడానికి కారులో బయలుదేరాము. మా వైపు అక్కను అప్ప అంటాము.

కూర్మన్నపాలెం దాటి అగనంపూడి వచ్చాము. నగరం హద్దుల్లో టోలు గేటు ఏమిటని గాజువాక జనం ఏళ్ల తరబడి తగవులాడిన చోటు ఇదే. పురపాలక హద్దుకు పది కిలోమీటర్ల లోపల సాధారణంగా గేటు పెట్టరాదని 2008 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి మరి. అనకాపల్లిలో అప్పకు ఇష్టమైన బెల్లం కొన్నాము. ఎలమంచిలి వెనక్కు పోయి, వెంపాడు గేటు ఎదురైంది. అద్దానికి అంటించిన ఫాస్టాగ్ చీటీని యంత్రం చూసింది, సొమ్ము పోయింది.

"ఈ డబ్బు రోడ్డు వేసినవాడికేనా?" అన్నది మా ఆవిడ.

"కాదే అక్కయ్యా!" అని మావాడు అందుకున్నాడు. ప్రయివేటువారు జాతీయ రహదారి వేసి సుంకం వసూలు చేసుకోవడానికి 1995లో పార్లమెంటు చట్టం సవరించి వీలు కల్పించింది. అయితే అనకాపల్లి–తుని మధ్య సుమారు 59 కిలోమీటర్లకు కుదిరిన బేరం వేరు. జి.ఎమ్.ఆర్. సంస్థ పెట్టుబడి పెట్టి నాలుగు వరసల రోడ్డు వేసింది. 2004 ఆఖరుకు పూర్తయింది. రహదారుల సంస్థ ఆరు నెలలకొక నిర్ణీత వాయిదా కట్టింది. బళ్లు ఎక్కువ తిరిగినా తక్కువ తిరిగినా కంపెనీకి అంతే. గేటు వసూలు సర్కారుది. పదిహేడున్నర ఏళ్ల ఆ ఒప్పందం 2019లో తీరిపోయింది.

"తీరితే గేటెందుకు?"

"గేటు కంపెనీది కాదుగా, తీరిపోవడానికి!"

రాష్ట్రపు రోడ్ల సంగతి అడిగాను. వాటికి 2001లో మన శాసనసభ ఒక చట్టం చేసింది. మౌలిక సదుపాయాలకు ప్రయివేటు పెట్టుబడిని ఎలా పిలవాలో, బేరం ఎవరు చూడాలో, తగవు వస్తే రాజీ ఎక్కడో అందులో ఉంది. ఎవరైనా తమంతట తాము ప్రతిపాదన తెస్తే దాన్ని పదిమందిలో పెట్టాలి. ఇంకొకడు మేలైన బేరం చెబితే, మొదటివాడికి దానికి సరితూగే అవకాశం ఇవ్వాలి. దీనికి స్విస్ ఛాలెంజ్ అని పేరు. 100 కోట్లు, ఆపైన పనుల టెండర్లను ముందుగా న్యాయమూర్తి చూడాలని 2019లో మరో చట్టం వచ్చింది. 2024లో దాన్ని రద్దు చేశారు.

"బేరం చూసేవాళ్లు మారుతున్నారు బావగారూ, కట్టేవాళ్లం మారలేదు" అన్నాడు.

అప్ప ఇల్లు రోడ్డుకు ఆనుకునే ఉన్నది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాకిట్లో చింతచెట్టు పోయింది. గుడి అవతలి గట్టున ఉండిపోయింది. పూర్వం చెంబుతో నీళ్లు పట్టుకుని నాలుగు అడుగుల్లో వెళ్లేది. ఇప్పుడు చాలా దూరం నడిచి దాటాలి.

మావాడు మళ్లీ లెక్క ఎత్తాడు. 2024 నవంబరులో శాసనసభలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గ్రామీణ రోడ్లనూ ఈ పద్ధతికి ఇచ్చే ఆలోచన చెప్పారనీ, పల్లె నుంచి మండల కేంద్రం దాకా సుంకం ఉండదన్నారనీ, ఆటోలకూ ట్రాక్టర్లకూ మోటారు సైకిళ్లకూ మినహాయింపు అన్నారనీ వివరించాడు. "అయినా రోడ్డుకు పన్ను కట్టి, మళ్లీ సుంకం కట్టాలా?" అని ముగించాడు.

అప్ప అంతా విని నావైపు తిరిగింది.

"ఒరే తమ్ముడూ, 1998లో అమ్మను పట్నం తీసుకుపోయింది ఈ దారినే కదూ?"

నేను మాట్లాడలేదు. అప్పుడు రెండే వరసలు. లారీ ఒకటి అడ్డంగా పడి, తెల్లవారేదాకా బళ్లు కదలలేదు. అమ్మ దారిలోనే పోయింది. కిందటేడు అర్ధరాత్రి అప్పకు గుండెల్లో నొప్పి వస్తే, అదే దారిని గంటన్నరలో ఆసుపత్రిలో ఉన్నది.

"కట్టొద్దని నేననను నాయనా" అన్నది అప్ప, మావాడితో. "చెట్టు ఇచ్చాను, నేనూ కట్టినట్టే. ఎవరికి పోతోంది, ఎన్నేళ్లు కట్టాలి – ఆ రెండు ముక్కలూ నాబోటిదానికి చదువుకునేటట్టు గేటు మీద రాయమను. ముసలివాళ్లు గుడికి దాటేందుకు ఓ తోవ కూడా ఆ కాగితంలోనే రాయమను."

తిరుగు ప్రయాణంలో వెంపాడు గేటు దగ్గర యంత్రం మళ్లీ చూసింది. మావాడు జేబులోంచి పుస్తకం తీసి అంకె వేసుకున్నాడు. కూడిక మాత్రం వేయలేదు.