హంసతూలిక, కంబళి

పలమనేరు చలికి పెద్దలనాటినుండియు ఒక పేరున్నది. సముద్రమట్టమునకు ఇంచుమించు 2,200 అడుగుల యెత్తున నుండి, మొగిలి ఘాటు ఎక్కి వచ్చినవారి చెమట నార్చి, నడివేసవిలో సైతము ప్రొద్దుగ్రుంకిన వెంటనే చల్లగాలి విసరు ఈ యూరిని పేదవాని ఊటీ యని చెప్పుకొనుట మాకొక ముచ్చట. అయినను నిజము చెప్పవలెనన్న, మాది మర్యాద యెరిగిన చలి. దుప్పటి నడుగునే గాని ప్రాణము నడుగదు. పుష్యమాసపు తెల్లవారుజామున కౌండిన్య నది యొడ్డున పొగమంచు క్రమ్మి, టీ కొట్టు పొయ్యిచుట్టు చేరినవారి ముఖములు ఒకరివొకరికి కానరాకున్నను, నీరు గడ్డకట్టుటను మాత్రము మేము ఫ్రిజ్జులలోనే చూచినాము.

అట్టి యూరికి, కొలరాడోలో ఉద్యోగము చేయు మా మేనల్లుడు సంక్రాంతి సెలవులకు వచ్చుచు ఒక స్లీపింగ్ బ్యాగును వెంట తెచ్చినాడు. సెప్టెంబరు మాసమున ప్రభుత్వపు అనుమతిపత్రము తీసికొని, విల్లంబులతో ఎల్కు అను పెద్దజాతి దుప్పిని వేటాడబోవు మిత్రులతో కూడి, 10,000 అడుగుల కొండలమీద వాడు రాత్రులు గడుపునట. ఈ సంగతి తన తల్లికి చెప్పవలదని నాచేత మాట తీసికొన్నాడు. ఆమె ఈ పత్రిక చదువదను ధైర్యముతో వ్రాయుచున్నాను. దోసిట పట్టునంతటి ఆ మూట మూతిత్రాడు సడలించి చాపమీద పరవగా, అది మా కన్నులయెదుటనే ఉబ్బుచు ఉబ్బుచు, పావుగంట గడచునప్పటికి జానెడుకు కొంచెము తక్కువగా లేచి నిలిచెను. చేతితో ఎత్తి చూచితిని. కిలో కూడ తూగలేదు.

ప్రబంధములలో రాజకుమారులు విరహతాపమున పొరలాడు హంసతూలికాతల్పమును గూర్చి తరగతిగదిలో ఎన్నో యేండ్లు పాఠము చెప్పిన నాకు, ఆ తల్పము అంతఃపురము విడిచి వేటకాని వీపెక్కి అడవిదారి పట్టినదని అప్పుడు గాని తెలియలేదు. ఇందలి పక్షి హంస గాదు, బాతు. మేలిరకమైనచో గూసు అను పెద్దబాతు. పైయీకల క్రింద, రొమ్ముననుండు కాడలేని నూగును తీసి సంచిలో నింపుదురు. ఆ నూగునకు సహజముగ వేడి లేదు. అది చేయునదెల్ల తన పోగులనడుమ గాలిని కదలనీయక పట్టియుంచుటయే. వేడి యిచ్చునది పండుకొన్నవాని దేహము. కాబట్టియే దాని గుణమును బరువుతో గాక, అది ఆక్రమించు చోటుతో కొలుతురు. ఒక ఔన్సు, అనగా 28 గ్రాముల తూలిక 800 ఘనాంగుళముల చోటు నింపినచో దానిని 800 రకమందురు. లీటర్లలో చెప్పిన 13. గుప్పెడు నూగు బిందెడు చోటు నిండునన్న మాట.

ఈ అంకెలవద్దనే కొనువారి బుద్ధి తడబడుచుండును. 650 కంటె 800 మేలు, సందేహము లేదు. కాని 450 గ్రాముల 800 రకము చేయు పనిని 400 గ్రాముల 900 రకము చేయును; ఆ 50 గ్రాములు మిగుల్చుకొనుటకై పైకము గుమ్మరించుటకంటె, జేబులోని చిల్లర నింట పెట్టి బయలుదేరుట చవుక. అంతకంటె విచారింపదగినది కుట్టు. పైగుడ్డను లోగుడ్డకు సూటిగా కుట్టివేసిన సంచిలో దారము పడినచోట తూలిక యుండదు, చలి ఆ దారివెంటనే లోనికి దిగును. రెండింటినడుమ సన్నని అడ్డుగోడలు నిలిపి గదులుగదులుగా కుట్టినదియే నిజమైన చలికాలపు సంచి.

బరువునుగూర్చి ఇంత తహతహ యేల యని అడిగితిని. వాడు చెప్పిన సమాధానము విన్నంతట నా సందేహము తీరెను. మగ ఎల్కు 300 కిలోలు తూగును. అది పడిన చోటికి బండి రాదు. మాంసమును విడదీసి, ఒక్కొక్క మారు 25, 30 కిలోల చొప్పున వీపుమీద మోసికొని లోయలు దిగవలయును. అట్టివానికి కిలో బరువైన సంచికిని మూడు కిలోల సంచికిని గల భేదము మోకాళ్ళకు తెలియును. వాడు తెచ్చినది మైనస్ 7 డిగ్రీలకని పేర్కొన్నది, 850 గ్రాములు. ఆ డిగ్రీల లెక్కలోను ఒక కిటుకున్నది. యూరపులో 2002లో ఏర్పడి, తరువాత అంతర్జాతీయమైన ప్రమాణము ప్రకారము, వేడియెక్కించిన బొమ్మను సంచిలో పండుకొనబెట్టి పరీక్షించి, సుఖముగా నిద్రపట్టు అంకె యొకటి, ముడుచుకొని యెట్లో రాత్రి గడుపు అంకె యొకటి, ప్రాణము మాత్రము దక్కు అంకె యొకటి వేర్వేరుగ తేల్చుదురు. అంగడివాడు పెద్ద అక్షరములతో అచ్చువేయించునది సాధారణముగ రెండవది. కొనువాడు చూడవలసినది మొదటిది.

1922 నాటి ఎవరెస్టు యాత్రలో జార్జి ఫించ్ అనునతడు బెలూను గుడ్డలో తూలిక కూర్చి కుట్టించిన కోటు తొడుగుకొనిరాగా తోటివారు నవ్విరట. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ పదుమూడేండ్ల ప్రాయమున అదే శిఖరముపై నిలిచిననాటికి, తూలిక లేక ఆ కొండ యెక్కువాడు అరుదు. పొడి చలికి దానిని మించినది నేటికిని లేదు.

తడి చలికి మాత్రము అది పిరికిది. నీరు తగిలినంతనే నూగంతయు ముద్దగట్టి, లోని గాలి పోయి, రెండు పొరల నైలాను గుడ్డ మాత్రము మిగులును. వేటగాడు రోజెల్ల కొండలెక్కి చెమట పట్టిన బట్టలతో దూరినను, గుడారపు లోకప్పున పేరుకొన్న తేమ కాళ్ళవైపున కారినను ఇదే గతి. వీపుక్రింద అణగిన తూలిక సైతము పనిచేయదు. క్రింద మంచి చాప లేనిచో నేల శరీరపు వేడినంతయు త్రాగివేయును. మేనల్లుడు తన ధనములో సగము సంచికిని, సగము గాలిచాపకును పెట్టినాననెను. నేను వానిని ఆ విషయమున మెచ్చుకొంటిని.

దానిని మా నేలమీద పరీక్షింపవలెనను కుతూహలముతో, అడవి యంచున కయ్యగల ఒక మిత్రుని మంచెకు ఒక రాత్రి పోయితిమి. ఇక్కడ వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ముగిసినది. వేటగాడును రచయితయు నగు కెన్నెత్ ఆండర్సన్ 1954లో వెలువడిన తన తొలి గ్రంథమున అప్పటి మా జిల్లాలోని చామల లోయ పులికథ చెప్పినాడు. ఒకనాడు పులికై కట్టిన మంచెలిప్పుడు పులికొరకు గావు, ఏనుగుకొరకు. 1980ల నడుమ పొరుగు రాష్ట్రముల అడవులనుండి ఏనుగులు మా అడవులకు దిగినవి. 1990లో కౌండిన్య అభయారణ్యమేర్పడినది. అడవి యంచున చెరకు, రాగి, చెనిక్కాయలు వేసిన రైతునకు అప్పటినుండి నిద్ర కరవైనది. 2025లో కర్ణాటకమునుండి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెప్పించి ముసలిమడుగులో శిబిరము పెట్టినారు గాని, మంచెమీద రాత్రికాపు ఇంకను తప్పలేదు.

మిత్రుడు సంచిని ఒంటిచేత ఎత్తి, "ఇంత తేలికైందా అయివోరా! గాలి కొట్టకపోతే చాలు" అనెను. తరువాత మా మేనల్లుడు దానిలో దూరి, గడ్డమువరకు జిప్పు లాగుకొని, తలచుట్టు ముసుగు బిగించుకొని, ముఖము మాత్రము కనబడునట్లు పండుకొనగా, కొంతసేపు తదేకముగ చూచి, "అంతా బాగుండాది గానీ అబ్బోడా, ఏనుగొస్తే దీంట్లోనుంచి బయటికి రావడానికి ముహూర్తం చూసుకోవల్ల గదా!" అనెను. ప్రమాణముల పట్టికలలో ఎక్కడను లేని ఈ పరీక్షకు ఆ సంచి నిలువలేదు. పైగా గంట గడువకముందే వాడు ఉక్కపోసి జిప్పు విప్పుకొనెను.

మిత్రుడు కప్పుకొన్నది కురుబలు నేసిన నల్లకంబళి. గొఱ్ఱెబొచ్చును వడికి, పడుగుదారమునకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గముపై నేసినది. క్రొత్తలో మెడకు గరుకుగా తగులును, ఏండ్లు గడచినకొలది మెత్తబడును. మంచు కురిసినను కొంత వెచ్చదన ముంచుకొనును, నిప్పురవ్వ పడిన కరగదు, భుజమునుండి జారవిడిచిన నిమిషములో కాళ్ళు స్వతంత్రములగును. దోషములు లేవని కాదు. పొడిగా నున్నప్పుడే మూడు కిలోలకు తక్కువగాదు, నానినచో మోయుట కష్టము. అమెరికాలోని సియాటిల్ వర్తకుడు ఎడ్డీ బోయర్ చలికాలపు చేపలవేటలో తడిసిన ఉన్నిబట్టలతో ప్రాణముమీదికి తెచ్చుకొనియే తూలికకోటు కుట్టుటకు పూనుకొని, 1940లో దానికి పేటెంటు పొందినాడు. అయితే మంచెకాపరి మోయవలసినది ఇంటినుండి కయ్యదాకనే.

కావున లడఖునకో, కొలరాడోకో పోవు పిల్లలుగలవారు 800 రకపు తూలికతో గదులుగా కుట్టినది, సుఖనిద్ర అంకె తాము పోవుచోటి చలికంటె 5 డిగ్రీలైనను తక్కువగా నున్నది చూచి కొనుడు. ఇంటికి వచ్చిన పిమ్మట దానిని చిన్నమూటలో కుక్కియుంచక, వదులైన నూలుసంచిలో వ్రేలాడదీయుడు. మన కయ్యలకాపునకు మాత్రము కంబళియే తగినది. కురుబల యొద్ద దానిని కొనునపుడు బేరము కొంచెము తక్కువగా నాడుడు.