పన్నెండు బొమ్మల పెట్టె

1969లో అమ్మను కాశీకి తీసుకుపోదామనుకున్నప్పుడు నాకు కెమెరా పిచ్చి పట్టింది. నవ్వకండి. మద్నూరులో మా ఇంట అప్పటికి ఆమె ఫొటో ఒక్కటీ లేదు.

నిజామాబాదు కొట్టువాడు రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకటి బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. రెండోది ఆగ్ఫా ఐసోలీ. రెండింటికీ 120 ఫిల్మే. ఐసోలీలో పదహారు బొమ్మలొస్తాయి, క్లిక్‌లో పన్నెండే. నాలుగు ఎక్కువ వస్తుంటే ఎవరు వదులుకుంటారు? అయితే ఐసోలీ బొమ్మ నాలుగు సెంటీమీటర్ల చదరం. పెద్దది చేయించకపోతే అమ్మ ముఖం తపాలా బిళ్ళంతే! క్లిక్‌ది ఆరు సెంటీమీటర్లు. ఉన్నదున్నట్టు అచ్చు తీయించి పటం కట్టించుకోవచ్చు. పెట్టె ఒక్కసారే కొంటాం. ఫిల్ముకూ, కడిగింపుకూ, అచ్చుకూ ప్రతిసారీ జేబు తడుముకోవాలి. క్లిక్కే కొన్నాను. మిగిలిన డబ్బుకు ఒకే రీలు వచ్చింది.

దానికి ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతే. షట్టరు వేగం తక్కువ. ఎవరు కదిలినా బొమ్మ చెదురుతుంది.

దశాశ్వమేధ ఘట్టంలో పడవలకూ గొడుగులకూ పదకొండు బొమ్మలు ఖర్చయ్యాయి. చివరిది అమ్మకని దాచాను.

"నా మొకమెందుకు బిడ్డా, గంగమ్మను తియ్యి" అంటూ ఆమె తల తిప్పింది. అప్పటికే మీట నొక్కేశాను.

అచ్చులో గంగ నిలకడగా ఉంది. అమ్మ చెంప చెదిరింది.

ఆ పటం ఇప్పటికీ మా గోడమీదే ఉంది. మనవడు ఫోనులో దాన్ని బాగుచేస్తానంటాడు. ముట్టుకోనివ్వలేదు.