గట్టు మీద ఉండగానే

గోదారిలో లాంచీ ఎక్కే మనలాంటివాళ్ళకి లైఫ్ జాకెట్ ఒక వేషం. రేవు దాటేదాకా వేసుకుంటాం, ఓ ఫోటో దిగుతాం, కాస్త దూరం పోగానే విప్పి కుర్చీకి తగిలిస్తాం. ఉక్కపోత, ఎవరిదో చెమట వాసన. పైగా అందరూ తీసేశాక మనమొక్కళ్ళమే ఆ నారింజరంగు మూట కట్టుకుని కూచుంటే పిరికివాళ్ళలా కనపడతామని సిగ్గు.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. గోదారి వరద మీదుంది. డెబ్బైమందికి పైగా ఎక్కితే 26 మంది బతికారు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు పడవలేసుకుని వచ్చి కాపాడారు. బోటుని బయటికి తీయడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబర్ 12న, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో ఇంకో బోటు బోల్తా పడింది. దానికసలు అనుమతే లేదు. 20 మంది పైనే పోయారు. అదీ ఆదివారమే.

పడవకో లెక్కుంది. బరువు కిందుంటేనే అది నిలకడగా ఉంటుంది. పాటలు పెట్టారని అందరం పై డెక్ ఎక్కితే బరువు పైకి జరుగుతుంది. అదిగో కొండ అని ఒకే పక్కకి పరిగెడితే ఒరుగుతుంది. మనుషులూ కుర్చీలూ ఒరిగిన వైపుకే జారతారు, ఇంకా ఒరుగుతుంది. జాకెట్‌కీ ఓ లెక్కుంది. పట్టీలు బిగించకపోతే నీళ్ళలో అది పైకి తేలుతుంది, మనిషి అందులోంచి కిందకి జారిపోతాడు. అవసరమైనప్పుడు వేసుకుందాంలే అంటే, ఆ అవసరం వచ్చాక టైముండదు.

పోయిన కార్తీకంలో పిన్ని వాళ్ళతో గండిపోచమ్మ రేవుకి వెళ్ళాను. మేమెక్కిన లాంచీలో కుర్చీలన్నీ నిండినా ఇంకా ఎక్కిస్తూనే ఉన్నారు. పిన్ని మనవడికి ఆరేళ్ళు. వాడికి పెద్దవాళ్ళ జాకెట్ ఇచ్చారు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవులు దాటి వచ్చేసింది. పిల్లల సైజు అడిగాను.

"ఏం కాదు మేడమ్, రోజూ తిప్పుతాం కదా" అన్నాడు కుర్రాడు.

పిన్ని నా చెయ్యి గిల్లింది. "ఊరుకోవే, అందరూ మననే చూస్తున్నారు. డబ్బులు కూడా కట్టేశాం."

"పోతే పోనీ పిన్నీ, దిగుదాం పద" అన్నాను.

దిగాం. డబ్బులు వెనక్కి రాలేదు, ఆ రోజుకి ఇంకో లాంచీ లేదు. పిల్లాడు ఏడ్చాడు. మేం గుడి దగ్గర పులిహోర తిని కూచున్నాం. సాయంత్రం ఆ లాంచీ పాటలు మోగించుకుంటూ క్షేమంగా తిరిగొచ్చింది. పిన్ని నా వైపు చూసిన చూపుకి మాటలక్కర్లేదు.

జాగ్రత్తతో వచ్చిన చిక్కే ఇది. ఏమీ జరక్కపోతే మనం అతిగా భయపడ్డట్టు లెక్క. మన మాట నిజమవ్వాలంటే ఎవరో మునగాలి, అది ఎవరు కోరుకుంటారు? కాబట్టి నెగ్గాలన్న ఆశ వదులుకునే అడగాలి: ఎంతమందికి అనుమతి, ఎంతమంది ఎక్కారు, పిల్లల జాకెట్లేవి, బయటికి దారి ఎటు. తాడు విప్పాక పడవ సరంగుది. ఎక్కాలా వద్దా అన్న ఒక్కటే మన చేతిలో ఉంది, అదీ గట్టు మీద ఉన్నంతసేపే.

పిన్ని ఇప్పటికీ ఫంక్షన్లలో ఈ కథ చెప్పి నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను. వాడికి ఏడేళ్ళొచ్చాయి, ఈత నేర్చుకుంటున్నాడు.