పైన నేను, అడుగున ఆయన

మా వారికి నలభై ఆరో ఏట ఒక వ్యసనం పట్టుకుంది. పేకాట కాదు, గుర్రప్పందాలు అంతకన్నా కాదు. సముద్రం అడుక్కి పోవడం! విశాఖపట్నానికి బదిలీ అయిన ఏడాదే ఎవరో స్నేహితులు రుషికొండ దగ్గర నీళ్ళలో దింపారట. అంతే. వీపున గాలిసీసా, కాళ్ళకి బాతు పాదాలు కట్టుకుని, పద్ధెనిమిది మీటర్ల దాకా దిగవచ్చునని ఒక కార్డు సంపాదించారు. ఏడాది తిరక్కుండా ముప్ఫయి మీటర్ల కార్డు కూడా వచ్చింది. తన డిగ్రీ పట్టాని కూడా ఆయన అంత భద్రంగా దాచుకోలేదు.

నేను పైన తేలే రకం. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం, ఒంటికి బెండు చొక్కా. నీళ్ళమీద బోర్లా పడుకుని కిందికి చూస్తూ ఉండటం. దీన్నే స్నార్కెలింగ్ అంటారు. మాది నంద్యాల దగ్గర గోస్పాడు. సముద్రం మొహం పెళ్ళయ్యాకనే చూశాను. నేను ఎరిగిన నీళ్ళల్లా కె.సి. కాలవ, కుందూ, మా చేనిలో దిగుడుబావి. అద్దంలాంటి నీళ్ళు చూడాలంటే మహానంది కోనేటికి పోవలసిందే. అందులో రూపాయి వేస్తే, అది అడుగున బొమ్మో బొరుసో తెలిసిపోతుంది.

మూడేళ్ళ కిందట మా వారు ఉత్సాహంగా ఒక దీవికి తీసుకుపోయారు. ఊరి పేరు ఎందుకు లెండి, తప్పు ఊరిది కాదు. చోటు ఎంచుకున్నది ఆయన. పడవ నడిసముద్రంలో లంగరు వేసింది. ఆయన వెనక్కి దొర్లి బుడుంగున మునిగారు. "అమ్మగారూ, మీరూ దిగండి" అన్నారు పడవవాళ్ళు. దిగి చూస్తే కిందంతా నీలం! చేప లేదు, పగడం లేదు, అడుగు లేదు. పైగా ప్రవాహం నన్ను పడవకి దూరంగా లాక్కుపోతూంటే ఒక కుర్రవాడు తాడు విసిరి లాగాడు. తక్కిన ముప్పావు గంటా పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకున్నాను. అంతలో మా వారు పైకి వచ్చి, ముఖం వెలిగిపోతూండగా, "ఎంత పెద్ద టేకు చేప అనుకున్నావ్!" అన్నారు. నేను ఏడ్చేశాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఆ ఏడుపు వాంతులవల్ల అని ఆయన అనుకున్నారు. కాదు. ఆ సంగతి చెప్పడానికి నాకు మరో రెండేళ్ళు పట్టింది.

కిందటి ఏడు ఆయన కాగితం, పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టారు. "ఈసారి చోటు ఇద్దరం కలిసి ఎంచుకుందాం. నాకు లోతు కావాలి, నీకు పైన చూడటానికి ఏదైనా ఉండాలి. రెండూ ఒక్కచోట దొరకాలి" అన్నారు. బ్యాంకు ఉద్యోగి కదా, పద్దు గీశారు.

మొదట మాల్దీవులు. అక్కడ అనేక దీవుల చుట్టూ, ఇంటికి పెరడులా, ఒడ్డునించి ఈదిపోయే దూరంలోనే పగడపు గట్టు ఉంటుంది. బా అటాల్‌లో హనిఫారు అనే చోట మాంటా టేకు చేపలు గుంపులుగా మేతకి వస్తాయి. అక్కడ గాలిసీసాలతో దిగడం నిషిద్ధం, పైన తేలేవాళ్ళకే ప్రవేశం! ఆ ముక్క విని నాకు మహా సంతోషం వేసింది. కాని దీవుల మధ్య కనుమల్లో ప్రవాహాలు జోరు. మునిగేవాళ్ళు వాటికోసమే పోతారు. అక్కడ నాకు పని లేదు. పైగా పిల్లలిద్దరి కాలేజీ ఫీజులు కళ్ళముందు కదిలాయి.

రెండోది బాలి. అక్కడ తులాంబెన్ అనే పల్లె తీరాన 'లిబర్టీ' అనే అమెరికా సరుకు ఓడ మునిగి ఉంది. 1942లో జపాను జలాంతర్గామి దెబ్బ తిని ఒడ్డున పడి ఉన్నది, 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు నీళ్ళలోకి జారింది. ఓడ పైకొస అయిదారు మీటర్లలోనే ఉంటుంది, కింది భాగం ముప్ఫయి మీటర్ల దాపున. మునిగేవాళ్ళకీ తేలేవాళ్ళకీ ఒకే ఓడ! మాలాంటి జంటకి ఇంతకన్నా ఏం కావాలి? కాని సెలవు పది రోజులు, నా పాసుపోర్టు గడువు దాటి ఏడాది. దాన్ని వచ్చే ఏటికి దాచాం.

మూడోది లక్షద్వీపాలు. కద్మత్, బంగారం వంటి దీవుల్లో పగడపు గట్టు సముద్రాన్ని ఆపుతుంది; లోపల మడుగు చెరువులా నిశ్చలంగా ఉంటుంది. ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. "నీకు ఇంతకన్నా క్షేమమైన చోటు లేదు. నువ్వు మడుగులో ఉంటావు, నేను పడవమీద గట్టు అవతలికి పోయి వస్తాను" అన్నారు ఆయన.

"నాకు వద్దు" అన్నాను.

"ఎందుకు?"

అప్పుడు చెప్పాను. మా చిన్న మేనమామ గొప్ప ఈతగాడు. ఊళ్ళో ఎవరి బిందె బావిలో పడినా ఆయనే మునిగి తెచ్చేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా బావిలో అట్లాగే మునిగాడు. మా అవ్వ మెట్లమీద కూచుని, "బుడగలొస్తాండాయి, ఏం కాదులే" అంది. కాసేపటికి బుడగలు ఆగిపోయాయి. పాత మోటారు పైపు సందున కాలు ఇరుక్కుందన్నారు తర్వాత. అవ్వ చచ్చేదాకా ఆ బావి మొహం చూడలేదు. ఆనాడు పడవమీద నేను లెక్కపెట్టుకుంటూ కూచున్నది చేపల్ని కాదు, నిమిషాల్ని. నీలం తప్ప ఏమీ కనపడని చోట ఆయన బుడగలు కూడా నాకు కనపడలేదు.

మా వారు చాలాసేపు పెన్సిలు తిప్పుతూ కూచున్నారు. తర్వాత కాగితంమీద కొత్త గడి ఒకటి గీసి, తలకట్టు రాశారు: "బుడగలు కనపడునా?"

ఆ గడితో పద్దంతా మారిపోయింది. అండమాను దీవులు మిగిలాయి. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చిన హేవ్‌లాక్‌లో నీమో రీఫ్ అనే చోటు ఉంది. ఒడ్డునించే నడిచి దిగవచ్చు. లోతు తక్కువ, కొత్తగా మునగడం నేర్చుకునేవాళ్ళు అక్కడే నేర్చుకుంటారు. ముప్ఫయి మీటర్ల కార్డు ఉన్నవారికి అది పిల్లకాలవ. వారికి కావలసినవి డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటి లోతైన చోట్లు. ఒప్పందం ఇదీ: రెండు ఉదయాలు ఆయన లోతుకి, తక్కిన రోజులు నాతో ఒడ్డున.

ఫిబ్రవరిలో బయలుదేరాం. సముద్రం తేటగా, శాంతంగా ఉండే కాలం అది. పోర్టుబ్లెయిరుకి 2024లో శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. అక్కడ దిగి బజారుకి పోతే చెవిన పడిన మొదటి కేక తెలుగే! శ్రీకాకుళం, విశాఖ వైపునించి తరాల కిందటే వచ్చి స్థిరపడ్డవాళ్ళు అక్కడ చాలామంది. స్వరాజ్ ద్వీప్‌లో మాకు తోడు వచ్చిన కుర్రవాడు కూడా తెలుగువాడే. "పోటు మీదే దిగాలమ్మా. పాటు మీద దిగితే మోకాళ్ళు పగడాలకి గీసుకుపోతాయి" అన్నాడు. మొసళ్ళ హెచ్చరిక ఉన్న తీరాల్లో దిగవద్దనీ చెప్పాడు. వీపు కాలిపోతుందని పూర్తి చేతుల చొక్కా వేయించాడు.

బొమ్మల్లో చూపించేంత రంగుల వైభవం లేదనే చెప్పాలి. 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు చాలా తెల్లబారిపోయాయి. పగడంలో కాపురముండి దానికి అన్నం పెట్టే నాచుకణాలు వేడికి వెళ్ళిపోతాయట; అవి తిరిగి రాకపోతే పగడం చచ్చిపోతుంది. చచ్చిన దిబ్బల మధ్య కొత్త కొమ్మలు లేస్తున్నాయి. వాటి నడుమ చిలకచేపలు పగడాన్ని పటపట కొరకడం నీళ్ళలోకూడా వినిపించింది.

కింద ఎనిమిది మీటర్లలో మా వారు. ఆయన బుడగలు గొడుగుల్లా విచ్చుకుంటూ పైకి వచ్చి నా పొట్టకి తగిలి పగిలేవి. మొదటి అరగంటా నేను చేపల్ని చూడనే లేదు.

సాయంత్రం ఇంకో తమాషా. "ఒడ్డు దగ్గర ఎర్రటి పగడం ఎంత బావుందో" అన్నాను. "ఎరుపా? నాకంతా బూడిదనీలమే కనిపించింది" అన్నారు ఆయన. నీళ్ళు ముందుగా మింగేది ఎరుపునే. కొద్ది మీటర్లు దిగేసరికి అది మాసిపోతుంది, దీపం వేస్తేగాని కనపడదు. పైన తేలే నాకు ఆ రంగు ఉత్తినే దక్కింది. ముప్ఫయి మీటర్ల కార్డుకి దక్కని ఎరుపు!

ఆయన లోతుకి పోయిన రెండు ఉదయాలూ నేను ఒడ్డునే ఉన్నాను. భయం పోయిందని అనను. కాని గడియారం వంక చూడటం మాత్రం కాస్త తగ్గింది.

విమానం ఎక్కడానికి ముందు పద్ధెనిమిది గంటలపాటు గాలిసీసాతో మునగకూడదు. రక్తంలో కరిగిన నత్రజని పైన బుడగలై ప్రాణం మీదికి తెస్తుందట. అంచేత ఆఖరి రోజు మా వారు కూడా ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నా పక్కన తేలారు. కింద ఎవరో కొత్తవాళ్ళు మునుగుతున్నారు. వాళ్ళ బుడగలు వరసగా వచ్చి, ఉన్నట్టుండి ఆగాయి. మా వారి చెయ్యి చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. రెండు క్షణాలకి బుడగలు మరో పక్కనించి లేచాయి. ఆ మనిషి రాయి చాటుకి పోయాడు, అంతే.

ఒడ్డుకి వచ్చాక ఆయన అద్దం తీసి, చాలాసేపటికి, "రోజూ ఇట్లాగే చూస్తూ ఉండేదానివా?" అన్నారు.

"ఊఁ" అన్నాను.

ఇంటికి వచ్చాక నా పాసుపోర్టు దరఖాస్తు ఆయనే నింపారు. తులాంబెన్ కాగితంలో కూడా ఆ గడి ఉంది.