రంగు పోయిన తుపాకీ

రాజోలు దగ్గర మా తాతయ్యగారింట్లో లైసెన్సు తుపాకీ ఉందంటే హాస్టల్లో సగం మంది నమ్మరు. నమ్మినవాళ్ళు వెంటనే ఫ్యాక్షన్ సినిమా డైలాగ్ కొడతారు. మాది అలాంటి కథ కాదండీ బాబూ. మా ముత్తాతగారు దాన్ని నీటికోళ్ళ వేటకి కొన్నారట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది బీరువా ఎక్కింది. ఇప్పుడు దాని ప్రయాణం ఒక్కటే: ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళడం, అయ్యాక తిరిగి రావడం.

అది రెండు గొట్టాల 12 బోర్. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టేంత గొట్టం అని ఆ లెక్కకి అర్థం. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. గొట్టాల అడుగున బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలున్నాయి. 1813లో మొదలైన ఆ సంస్థలో మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకున్న గొట్టానికే ముద్ర వేస్తారు.

తాతయ్యకి 82 ఏళ్ళు. లైసెన్సు నాన్న పేరు మీదకి మార్పిద్దామని ఇంట్లో మాట నడుస్తోంది. ఈ వేసవి సెలవుల్లో ఆయన నాతో ఒక మాటన్నారు. “అమ్మడూ, నా చిన్నప్పుడు ఇది నెమలి మెడలా ఉండేది. ఇప్పుడు అట్లకాడలా అయిపోయింది. ఇచ్చేసే ముందు ఆ రంగు ఒక్కసారి చూడాలనుంది. మీ కంప్యూటర్‌లో చూడు, ఏమన్నా దారుందేమో.”

గొట్టాలకీ కర్రకీ మధ్య ఉక్కు పెట్టెలాంటి భాగం ఉంటుంది. దాన్ని యాక్షన్ అంటారు. తాతయ్య అడిగిన రంగు దానిదే. నేను అది పెయింట్ అనుకున్నాను. చదివితే తేలిందేంటంటే, అక్కడ ఎవరూ రంగు వెయ్యలేదు.

ఆ రోజుల్లో యాక్షన్‌ని మెత్తటి ఉక్కుతో చేసేవారు. చెక్కడానికి అదే వీలు. కానీ మెత్తగా ఉంటే తొందరగా అరిగిపోతుంది. అందుకని దాన్ని ఎముకల బొగ్గు, కర్రబొగ్గు కలిపి నింపిన ఇనప డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఎర్రగా కాలేదాకా కొలిమిలో గంటల తరబడి ఉంచుతారు. బొగ్గులోని కార్బన్ ఉక్కు పైపొరలోకి దిగుతుంది. తర్వాత డబ్బాని గాలి బుడగలు వదులుతున్న నీళ్ళలో ఒక్కసారిగా బోర్లిస్తారు. పైపొర గట్టిపడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. ఇదే కేస్ హార్డెనింగ్. ఆ నీళ్ళూ గాలీ తగిలినప్పుడు ఉక్కు మీద అతి పల్చని ఆక్సైడ్ పొర ఒక్కోచోట ఒక్కో మందంలో ఏర్పడుతుంది. వాన పడ్డాక రోడ్డు మీద పెట్రోలు మరకలో రంగులు కనిపిస్తాయే, ఇక్కడా అదే సూత్రం. నీలం, ఊదా, గడ్డి రంగు మబ్బుల్లా పరుచుకుంటాయి. ఏ రెండు తుపాకుల మీదా ఒకేలా రావు. సీడ్ ఇవ్వని ర్యాండమ్ ఫంక్షన్ అనుకోండి.

ఆ పొర చేతి రాపిడికీ ఎండకీ చెరిగిపోతుంది. కింద ఉన్న గట్టిదనం మాత్రం ఎక్కడికీ పోదు.

మరి రంగు మళ్ళీ తెప్పించాలంటే? టచప్ కుదరదు. మొత్తం విప్పి, ఉక్కుని మెత్తబరిచి, సానబట్టి, అరిగిన చెక్కడాలు మళ్ళీ చెక్కి, మళ్ళీ బొగ్గులో కాల్చి ముంచాలి. ముంచినప్పుడు వంకర పోవచ్చు. అన్‌డూ లేదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో డగ్ టర్న్‌బుల్ పేరుతో నడిచే కంపెనీ ఈ పనికి పేరు పొందింది. మన దగ్గర్నుంచి తుపాకీ అంత దూరం పంపడం అయ్యే పని కాదు.

బాబాయి ఇంకో దారి చెప్పాడు. “టౌన్లో గ్యాస్ వెల్డింగ్ కుర్రాడున్నాడు. టార్చ్‌తో కాలిస్తే నీలం రంగు వస్తుందంట, గంట పని.” వచ్చే మాట నిజమే. కానీ అది రంగు ఒక్కటే. వేడి ఎక్కువైతే ఆ గట్టి పైపొర కూడా మెత్తబడిపోతుంది. పైగా ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరు చెయ్యడానికి కూడా లైసెన్సు కావాలి. ఇదంతా చెప్తే బాబాయి, “ఆయ్, సరేలే ఇంజనీరు గారూ” అని ఊరుకున్నాడు.

తాతయ్యకి చెప్పడమే కష్టమైంది. ఆయన అడిగింది చిన్న కోరిక. నేను మోసుకెళ్ళింది కుదరదన్న మాట. మొత్తం విని కాసేపు మాట్లాడలేదు.

అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. చెయ్యీ ఎండా తగలని చోట ఆ రంగు మిగిలే ఉంటుందని చదివాను. ఆ మాటే అడిగాను. తాతయ్య తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, గొట్టాల కింద ఉండే ముందు కర్రని తీశారు. నేను ఫోన్ లైటు పట్టాను. కర్ర చాటున దాగిన ఇనుము మీద, బొటనవేలంత మేర, నీలం. దాని అంచున ఊదా.

శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళని దగ్గరగా పెట్టి చూశారు. “ఇదేనే అమ్మడూ. ఇదే” అన్నారు. నాన్నమ్మని కేకేసి చూపించారు. ఆవిడ చూసి, “దీనికా ఇంత గోల!” అంది.

రంగు వేయించే మాట మళ్ళీ రాలేదు. తుప్పు మరకల మీద కుట్టుమిషను నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఆయనే బీరువాలో పెట్టేశారు.

మీ ఇళ్ళల్లోనూ పాత అడకత్తెరో, తాళమో, గంటో ఉండే ఉంటుంది. శాండ్‌పేపర్ తీసేముందు ఒకసారి తిప్పి, చెయ్యి తగలని చోట చూడండి.