ఎవరి దోసెడు?

మొన్నటి వేసవిలో మా మనుమణ్ణి వెంటబెట్టుకొని బెలుం గుహలకు వెళ్ళాను. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, సున్నపురాతి నేలకు అడుగున 3,229 మీటర్ల పొడవున సాగిన గుహలవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని గుర్తించాడు. లోపలి పాతాళగంగను చూసి, చెమటతో తడిసి పైకి వచ్చాము. సీసాలోని నీరు పోయబోగా వాడు రెండు చేతులూ చేర్చి పట్టాడు.

“దోసెడు చాలునా?” అన్నాను.

“దోసెడంటే ఎన్ని మిల్లీలీటర్లు తాతా?”

నవ్వు వచ్చింది గాని జవాబు రాలేదు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం మనకు కిలోలను, లీటర్లను తెచ్చింది. గిద్దెకు, సోలకు, మానికకు వాటిలో ఏదో ఒక సాటి చెప్పవచ్చును. చేతికి ఎలా చెప్పడం? రెండు వేళ్ళ కొనల నడుమ ఇమిడినది చిటికెడు. మూసిన గుప్పిట పట్టినది పిడికెడు. పల్లముచేసిన ఒక అరచేతిలో నిలిచినది చేరెడు. రెండు చేతులు కలిస్తే దోసెడు. పప్పును చేరెడని అడిగేవారు నేడు అరుదు. అందగత్తెల కన్నులు మాత్రం ఇంకా చేరెడే! స్కాట్లాండులోనూ దోసెడుకు ‘గౌపెన్’ అనే మాట ఉండేది. ధాన్యం విసిరించుకొన్న రైతులు మర సేవకునికి ముట్టజెప్పవలసిన చిన్న భాగాలలో అదొకటి. అక్కడి న్యాయశాస్త్రంలోనే దానికి చోటు దొరికింది.

“అయితే ఎవరి దోసెడు?” మనుమడు వదలలేదు.

ఆ ప్రశ్న నన్ను మా అవ్వ కళ్ళానికి తీసికొనిపోయింది. నాకప్పుడు ఏడేళ్ళు. వేరుసెనగ కాయలు తెంచిన ఆడవారికి కూలి గాక, తలకొక దోసెడు కాయలు పెట్టడం మా ఇంటి వాడుక. ఆ ఏడు వానలు లేక పంట దెబ్బతిన్నది. అవ్వ తాను లేవక, “నాయనా, ఈసారి నీవు పెట్టి రాపో” అన్నది. పెద్దవాడినైనట్లు పొంగిపోయి గంప ముందు కూర్చొన్నాను. చివరనున్న ముసలామె కొంగులో పడిన కాయలను చూసి, తరువాత నా చేతులను చూసింది. “చల్లని చేతులు సామీ” అని మాత్రం అని, కొంగు ముడి వేసుకొని వెళ్ళిపోయింది.

అది దీవెన అనుకొన్నాను. ఇంటి మాట తప్పలేదు; దోసెడు దోసెడే. ఎవరి దోసిలో అవ్వ ముందే ఎంచుకొన్నదని తోచేసరికి నాకు ముప్పై ఏళ్ళు దాటాయి. వాకిట నిలిచినవారికి తన పళ్ళెంలోని ముద్దను తీసి పెట్టిన అవ్వ కూడా ఆమెయే. అడగడానికి అప్పటికి ఆమె లేదు.

“చెప్పు తాతా!”

సీసా వాడి చేతికిచ్చి, నా దోసిలి చాచాను. నిండేవరకు పోశాడు. “ఇప్పుడు నీవు పట్టు” అని, ఆ నీటిని వాడి దోసిట్లోకి వంచాను. సగానికి పైగా వాడి వేళ్ళ మీదుగా పొర్లి, ఎండిన నేలలో ఇంకిపోయింది.