'నువ్వెవరు?' అంటే 'అడ్మిన్‌ని' అన్నాడట!

మా తుర్కయంజాల్‌లో సాగర్ హైవే దిగి కాలనీల్లోకి వెళ్తే చాలా అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర ఒక రిజిస్టర్ కనిపిస్తుంది. వచ్చినవాడు తన పేరు, ఫ్లాట్ నంబరు, వచ్చిన పని అన్నీ తనే రాసుకుని లోపలికి పోతాడు. వాచ్‌మన్ అందులో ఏం రాశారో చూడడు. గ్యాస్ బండ తెచ్చేవాడికి అది చాలు కూడా. కానీ ఎవడైనా 'పని' అన్న గడిలో 'ఈ బిల్డింగు ఓనరుని' అని రాస్తే, వాచ్‌మన్ తాళాల గుత్తి తీసి చేతికిచ్చేస్తే ఎలా ఉంటుంది? నవ్వకండి. 2023లో అల్టిమేట్ మెంబర్ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్ చేసిన పని దాదాపు ఇదే.

సైట్లో సభ్యుల్ని చేర్చుకోవడానికి ఫారం ఇచ్చే ప్లగిన్ అది. అప్పటికి 2 లక్షలకు పైగా సైట్లలో ఉంది. వర్డ్‌ప్రెస్‌లో ఎవరికి ఎంత అధికారం ఉందన్నది డేటాబేస్‌లో యూజర్ తాలూకు మిగతా వివరాల పక్కనే, ఇంకో వివరంలాగా పడి ఉంటుంది. ఫారంతో పాటు ఆ ఫీల్డు కూడా ఎవడైనా కలిపి పంపిస్తే? ప్లగిన్ వాళ్ళకి ఆ అనుమానం రాకపోలేదు. ఫలానా పేరున్న ఫీల్డు వస్తే తీసుకోవద్దు అని ఒక నిషేధిత జాబితా పెట్టుకున్నారు. దాడి చేసేవాళ్ళు అదే పేరుని అక్షరాలు కొంచెం అటూ ఇటూ చేసి పంపారు. జాబితాకి అది వేరే పేరు, డేటాబేస్‌కి మాత్రం పాత పేరే. అంతే, కొత్తగా చేరిన సభ్యుడు నేరుగా అడ్మినిస్ట్రేటర్! 2.6.3 నుంచి 2.6.6 దాకా ప్యాచ్ మీద ప్యాచ్ వేశారు గానీ కన్నం పూర్తిగా పూడింది 2.6.7లోనే. ఈలోగా దాడులు జరుగుతూనే ఉన్నాయి. దొంగల పేర్లు రాసుకుని కూర్చునే బదులు, రావాల్సినవాళ్ళ పేర్లే రాసుకుంటే పోయేది కదా అని మనలాంటి వాళ్ళం తీరిగ్గా అనొచ్చు... రోడ్‌మ్యాప్ మీటింగుల్లో ఆ మాట ఎంతమందికి గుర్తుంటుందో మీకూ తెలుసు.

2024 ఆగస్టులో లైట్‌స్పీడ్ కాష్ వంతు. ఇది 50 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్. సైట్ పేజీల్ని ముందే తిరిగి చూసి దాచుకోవడానికి అదే ఒక యూజర్‌గా నటించేది. ఆ నటనకి గుర్తింపుగా ఆరక్షరాల రహస్య సంకేతం ఉండేది. ఆరక్షరాలంటే బోలెడన్ని కాంబినేషన్లు అనుకుంటాం, కానీ ఆ సంకేతాన్ని పుట్టించింది గడియారంలోని మైక్రోసెకండ్ల నుంచి. సెకనుకి మైక్రోసెకండ్లు పది లక్షలు, కాబట్టి ఉండే అవకాశాలు కూడా పది లక్షలే. సెకనుకి మూడు చొప్పున ప్రయత్నించినా నాలుగు రోజుల్లోపు అన్నీ అయిపోతాయి. 6.4లో సరిచేశారు.

ఇలాంటివి చెప్పగానే మా ఆఫీసులో ఒక కోరస్ మొదలవుతుంది, "వర్డ్‌ప్రెస్సే దండగ" అని. నేనొప్పుకోను. ప్యాచ్‌లు వస్తూనే ఉన్నాయి. వూకామర్స్ పేమెంట్స్‌లో ఇలాంటి కన్నమే బయటపడితే 2023 మార్చిలోనే సరిచేశారు. వెల్లువలా దాడులు జరిగింది మాత్రం జూలైలో! ఆ నాలుగు నెలలూ అప్‌డేట్ నొక్కే నాథుడు లేని సైట్ల కోసమే దొంగలు వచ్చారు. లేనిది ప్యాచ్ కాదు, సైట్‌కి దిక్కు.

మనవైపు ఇదెంత ముఖ్యమో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చదివిన వాళ్ళనడగండి. 2022 అక్టోబరు 16న జరిగిన టీఎస్‌పీఎస్‌సీ గ్రూప్-1 ప్రిలిమ్స్‌ని 2023 మార్చి 17న రద్దు చేశారు. అక్కడ ప్లగిన్లేమీ లేవు. తమకి అధికారం లేని కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్లోంచి కమిషన్‌లో పనిచేసేవాళ్ళే ప్రశ్నపత్రాలు బయటికి తీశారన్నది కేసు. ఎవరో తమది కాని కుర్చీలో కూర్చుంటే ఫలితం అనుభవించింది మెస్ బిల్లు కట్టుకుంటూ చదువుకున్న పిల్లలు.

అదే దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఒకాయన మా కాలనీలోనే ఉంటాడు. ఫోన్లో వాళ్ళ సైట్ తెరిస్తే పేకాట యాప్‌ల ప్రకటనలు వస్తున్నాయి, చూడమన్నాడు. లాప్‌టాప్‌లో మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది (ఓనర్లు తమ సైట్‌ని లాప్‌టాప్‌లో చూసుకుంటారని ఈ దొంగలకి బాగా తెలుసు). యూజర్ల లిస్టు తీస్తే అడ్మిన్లు నలుగురు, అందులో ఆయనకి తెలిసింది ఒక్కరే. రిజిస్ట్రేషన్ ప్లగిన్‌కి రెండేళ్ళుగా అప్‌డేట్ లేదు. సైట్ కట్టిన కుర్రాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడిని తప్పుపట్టలేను, కట్టడానికి డబ్బులిచ్చారు గానీ చూసుకోవడానికి ఎవరూ రూపాయి ఇవ్వలేదు.

దొంగ అడ్మిన్లని పీకేసి, పాస్‌వర్డులన్నీ మార్చి, ఫైళ్ళు మళ్ళీ కొత్తగా వేసి, అక్కర్లేని ప్లగిన్లు తొమ్మిది తీసేశాను. అసలు ఆ సైట్‌కి సభ్యుల రిజిస్ట్రేషనే అవసరం లేదు, అదీ మూసేశాను. ఇదంతా ఒక ఆదివారం పని. అప్‌లోడ్స్ ఫోల్డరు తెరిచాక మాత్రం చేతులాడలేదు. అడ్మిషన్ ఫారంతో పాటు పిల్లలు పెట్టిన ఆధార్ కాపీలు, మెమోలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు అన్నీ అక్కడే ఉన్నాయి.

"అన్నా, ఇవి పోయుంటే పిల్లల ఇళ్ళల్ల చెప్పాలె కదా?" అన్నాను.

"ఆధార్ కాపీతోని వాళ్ళేం జేస్కుంటరు తమ్మీ? సైట్ మంచిగైంది గదా!"

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. డేటా బయటికి పోతే ఆ మనుషులకి చెప్పి తీరాలని అందులో ఉంది, కానీ అలాంటి బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఇదంతా చెప్తే ఆయన గడువు అన్న మాటొక్కటే పట్టుకున్నాడు.

చివరికి తల్లిదండ్రులకి పంపమని నేనే నాలుగు లైన్ల మెసేజ్ రాసిచ్చాను: ఏం జరిగింది, ఏ కాగితాలు పోయుండొచ్చు, ఓటీపీ అడిగితే చెప్పొద్దు, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. ఆయన రెండుసార్లు చదివాడు. "మంచిగ రాసినవ్ తమ్మీ, అడ్మిషన్లయినంక పంపుదాం" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.